భూగర్భమునకు పటము వ్రాసిన విలియం స్మిత్

బావి త్రవ్వించిన ప్రతివారికిని నేల ఒక్క తీరున నుండదని తెలియును. పైన రేగడి మన్ను తగులును. దాని క్రింద ఇసుక కలిసిన మన్ను వచ్చును. మరికొంత దిగినంతట గరుసు, ఆ పిమ్మట గునపమునకు లొంగని రాయి. కాని ఒక బావిలో కనబడిన వరుస ఆ బావికి మాత్రమే సాక్ష్యము. అదే రాయి ప్రక్క యూరిలో ఎంత లోతున నుండును? పది మైళ్ళ దూరమున అది పైకి తేలునా, మరింత లోనికి దిగిపోవునా? ఒక దేశమునకంతటికి చాలునట్టి సమాధానము ఈ ప్రశ్నకు పదునెనిమిదవ శతాబ్ది చివర వరకు ఎవరియొద్దను లేకుండెను. నేలపైనున్న ఊళ్ళకు, ఏళ్ళకు, బాటలకు పటములుండెను. నేల లోపలికి పటము లేదు.

పొడవు వెడల్పులతోపాటు లోతును గూడ చదువుకొనుటకు వీలైన పటమును ఒక దేశమునకంతటికి ఒంటిచేతితో తయారుచేసినవాడు విలియం స్మిత్ అను ఆంగ్లేయుడు. అతడు విశ్వవిద్యాలయపు గడప త్రొక్కలేదు. వంశము చేతగాని, ధనము చేతగాని గొప్పవాడు కాడు. కూలికి నేల కొలుచు సర్వేయరుగా జీవించుచు, కాలినడకను, గుఱ్ఱముమీదను, బండ్లలోను దేశమెల్ల తిరిగి, కన్నులకు కనబడని లోతును కనబడు ఆనవాళ్ళనుండి లెక్కగట్టు విధానమును కనిపెట్టెను. ఆ పని అతనికి మొదట తెచ్చిపెట్టినవి అప్పులు, కారాగారవాసము. గౌరవము చాల ఆలస్యముగా వచ్చెను.

1769వ సంవత్సరము మార్చి 23వ తేదీన ఆక్సుఫర్డు ప్రాంతములోని చర్చిల్ అను పల్లెలో స్మిత్ జన్మించెను. తండ్రి ఆ యూరి కమ్మరి. స్మిత్ అను ఇంటిపేరునకు ఆంగ్లమున కమ్మరి అనియే అర్థము. బాలునకు ఎనిమిదేండ్ల ప్రాయమున తండ్రి మరణించెను. తండ్రి సోదరుడైన ఒక రైతు అతనిని చేరదీసెను. పల్లెబడిలో లభించినదే అతని చదువు. పుస్తకములు కొనుటకు డబ్బు కరవు. అయినను దొరికిన పుస్తకమునుండి రేఖాగణితమును, నేల కొలుచు విధానమును తనంతట తానే నేర్చుకొనెను.

ఆ పల్లెపొలములలో దున్నినప్పుడెల్ల చిత్రమైన రాళ్ళు బయటపడుచుండెను. గవ్వలవలె గుండ్రముగా నున్న చిన్నవానితో పిల్లలు గోలీలాడుకొనుచుండిరి. అరచేతి వెడల్పున నుండి, పైన అయిదు రేకుల పువ్వు చెక్కినట్లుండు పెద్దవానిని పాలవెన్నల పని చేయు స్త్రీలు త్రాసులో తూనికరాళ్ళుగా వాడుచుండిరి. చిన్నవి ఒకప్పుడు సముద్రపు టడుగున బ్రదికిన చిప్పజీవులు. పెద్దవి సముద్రములోని ఒకజాతి ముండ్లజీవులు. సముద్రమునకు దూరముగానున్న ఆ మెట్టపొలములలోనికి ఇవి ఎట్లు వచ్చెనని చర్చిల్ గ్రామమున ఎవరును విచారింపలేదు. స్మిత్ కూడ తక్కిన పిల్లలవలెనే వానితో ఆడుకొనెను. కాని ఆ రాళ్ళ ఆకారములు అతని మనస్సునుండి చెరిగిపోలేదు.

1787లో ఎడ్వర్డు వెబ్ అను సర్వేయరు ఆ గ్రామమునకు పొలములు కొలుచుటకై వచ్చెను. పదునెనిమిదేండ్ల స్మిత్ ఆయనకు సహాయకుడుగా కుదిరెను. గొలుసు లాగుట, మట్టము చూచుట, లెక్క వ్రాయుట, పటము గీయుట అన్నియు నేర్చెను. ఏ పొలమున ఏ మన్ను ఉన్నది, ఆ మన్ను క్రింద ఏ రాయి ఉన్నది అను విషయమును సర్వేయరు గమనింపవలసియుండును. భూమి వెల దానిపై ఆధారపడును. ఇట్లు జీవనోపాధియే అతనికి పాఠశాల ఆయెను.

1791లో ఒక ఎస్టేటు భూముల మదింపు పనిపై స్మిత్ సోమర్సెట్ ప్రాంతమునకు వెళ్ళెను. అక్కడ హై లిటిల్టన్ అను గ్రామముచుట్టును బొగ్గుగనులుండెను. అతడు గనివారితో కలిసి బొగ్గు బావులలోనికి దిగెను. గోడలవెంట దిగుచు చూచినకొలది ఒక విషయము స్పష్టమాయెను. ఒక గనిలో ఇసుకరాయి, బంకరాయి, బొగ్గు ఏ వరుసలో నున్నవో మరియొక గనిలోను అవే అదే వరుసలో నున్నవి. గనివారికి ఈ సంగతి తరతరములుగా తెలియును. తమ తమ గనుల మేరకు ఏ పొర తరువాత బొగ్గు తగులునో వారు చెప్పగలరు. పైనున్న ఎఱ్ఱమన్ను మాత్రము ఏ క్రమమునకును లోబడదని వారి నమ్మకము. స్మిత్ ఆ మాటతో తృప్తిపడలేదు. క్రింద క్రమమున్నచోట పైన లేకుండుటకు కారణమేమి? బొగ్గుపొరలు ఏటవాలుగా ఒరిగి యుండగా, వానిపై ఎఱ్ఱమన్ను వేరొక వాలుతో పరచుకొనియున్నదని అతడు కనుగొనెను. కనుక వరుస రెండింటికిని కలదు; రెండు వరుసల నడుమ చాలకాలము గడచినదని మాత్రము గ్రహింపవలెను.

ఆ రోజులలో బొగ్గు రవాణాకై ఇంగ్లండున కాలువలు త్రవ్వుచుండిరి. సోమర్సెట్ బొగ్గు కాలువకు మట్టములు తీయు పని 1793లో స్మిత్ చేతికి వచ్చెను. అతని ఊహను పరీక్షించుకొనుటకు ఇంతకన్న మంచి యవకాశముండదు. మరుసటి సంవత్సరము కాలువ సంఘమువారు ఇద్దరు సభ్యులతోపాటు అతనిని ఇతర కాలువల నిర్మాణమును చూచివచ్చుటకు ఉత్తరదేశమునకు పంపిరి. రమారమి తొమ్మిదివందల మైళ్ళ ప్రయాణమది. తోటివారు కాలువలను గూర్చి మాటలాడుకొనుచుండగా స్మిత్ బండి కిటికీనుండి కొండల రూపురేఖలను చూచుచుండెను. యార్కు నగరములోని పెద్ద దేవాలయ గోపురము నెక్కి, దూరముననున్న గుట్టల నున్నని వంపులను బట్టియే అవి దక్షిణమునందలి సుద్దరాతి గుట్టలవంటివే యని నిశ్చయించెను. సోమర్సెట్‌లో తాను చూచిన వరుస ఆ యొక్క ప్రాంతపు విశేషము కాదనియు, అది దేశము పొడవునను సాగుచున్నదనియు అతనికి ధైర్యము కలిగెను.

1795నుండి కాలువ త్రవ్వకము సాగెను. పలుగుదెబ్బతో తెగిన ప్రతి గట్టును స్మిత్‌కు చదువదగిన పుటయే ఆయెను. పొరలన్నియు తూర్పువైపునకు కొలదిగా వాలియున్నవి. అరలో పుస్తకములను వరుసగా నిలిపి ఒకవైపునకు ఒరుగనిచ్చినచో ఎట్లుండునో ఊహించుకొనవచ్చును. పైనుండి చూచువానికి ప్రతి పుస్తకపు టంచు మాత్రమే కనబడును. కాని ఏ పుస్తకము ఏ పుస్తకముపై ఆనియున్నదో, ఎంత ఒరిగియున్నదో తెలిసినచో కనబడని భాగమంతయు ఎక్కడ నున్నదో చెప్పవచ్చును. నేల సంగతియు అట్టిదే. పడమటనుండి తూర్పునకు నడచువాడు ఒక్కొక్క పొర యంచును దాటుచు, పాతపొరలనుండి క్రొత్తపొరలకు చేరుచుండును. అతడు వెనుకకు విడిచిన పొర మాయమైపోలేదు. అతని పాదముల క్రిందికి దిగినది.

లెక్క చిన్న తరగతి విద్యార్థికి గూడ సాధ్యమైనదే. ఒక సున్నపురాతిపొర నూరడుగుల దూరమునకు రెండడుగుల చొప్పున తూర్పునకు వాలుచున్నదనుకొందము. అది నేలపై కనబడిన చోటినుండి తూర్పుగా ఒక మైలు, అనగా 5280 అడుగులు నడచినచో, నేల మట్టముగా నున్నయెడల ఆ పొర అక్కడ సుమారు 105 అడుగుల లోతున నుండవలెను. అక్కడ బావి త్రవ్వినవానికి ఆ లోతున ఆ రాయి తగిలినచో ఊహ సరియైనది. తగులనిచో లెక్కలోనో, వాలులోనో, పొరను గుర్తించుటలోనో పొరపాటున్నది. త్రవ్వక ముందే చెప్పి త్రవ్విన తరువాత సరిచూచుకొనుటయే స్మిత్ పద్ధతిలోని బలము.

కాని ఇందులో ఒక చిక్కు కలదు. పొరను గుర్తించుట ఎట్లు? ఒక నల్లని బంకపొర వంటిదే మరియొక నల్లని బంకపొర దానికి నూరడుగుల పైన నుండవచ్చును. సున్నపురాళ్ళలోను అట్టి కవల పోలికలు కలవు. రంగును, గట్టితనమును నమ్ముకొన్నవాడు ఒకదానిని చూచి మరియొకదాని ననుకొని మోసపోవును. ఇక్కడనే చిన్ననాటి ఆటరాళ్ళు స్మిత్‌కు తోడువచ్చెను. ప్రతి పొరలోను శిలాజములున్నవి. ఒక్కొక్క పొరలోని శిలాజముల కూటమి దాని క్రింది పొరలోనిదానికిని, పై పొరలోనిదానికిని భిన్నముగా నున్నది. పొట్టేలు కొమ్మువలె చుట్టలు తిరిగిన అమ్మోనైటులు అనేక పొరలలో దొరకును. కాని ఒక పొరలోని జాతి వేరు, మరియొక పొరలోని జాతి వేరు. మన యిండ్లలో పూజింపబడు శాలగ్రామములలోని చక్రములును ఈ అమ్మోనైటుల యవశేషములే. 1796 జనవరి మాసమున డంకర్టన్ గ్రామములోని ఒక సత్రములో కూర్చుండి స్మిత్ ఈ సంగతిని కాగితముపై పెట్టెను. ప్రకృతి ఈ వస్తువులను చిందరవందరగా చల్లలేదనియు, ప్రతిదానిని దాని పొరలో క్రమముతో ఉంచినదనియు ఆ వ్రాతయొక్క సారము.

బాత్ నగర పరిసరములలో బెంజమిన్ రిచర్డుసన్ అను మతగురువు శిలాజములను ప్రేమతో సేకరించి, ఆకారములనుబట్టి వర్గములుగా పేర్చుకొనియుండెను. ఒకనాడు స్మిత్ ఆ సేకరణను చూచెను. ఒక్కొక్క రాతిని చేతబట్టి ఇది ఫలాని పొరలోనిది, ఇది దానిక్రింది పొరలోనిది అని చెప్పుచు వానిని వేరొక వరుసలో పెట్టుచు పోయెను. ఆ రాళ్ళను స్వయముగా ఏరి తెచ్చిన రిచర్డుసన్ ఆశ్చర్యచకితుడాయెను. తన మిత్రుడైన జోసెఫ్ టౌన్సెండు అను మరియొక మతగురువునకు స్మిత్‌ను పరిచయము చేసెను. మాటలను నమ్ముటకన్న పరీక్షించుట మేలని మువ్వురును డండ్రీ అను కొండకు బయలుదేరిరి. ఆ కొండ శిఖరమున ఏ పొర యుండునో, అందు ఏ శిలాజములు దొరకునో స్మిత్ ముందుగా చెప్పెను. ఎక్కిచూడగా అట్లే యుండెను.

1799 డిసెంబరులో బాత్ నగరమునందలి టౌన్సెండు గృహమున స్మిత్ చెప్పుచుండగా రిచర్డుసన్ పొరల పట్టికను వ్రాసెను. పైన సుద్దరాయి మొదలు క్రింద బొగ్గువరకు 23 పొరలు. ఒక్కొక్కదాని మందము, లక్షణము, అందలి శిలాజములు. పట్టికను దాచుకొనవలెనని స్మిత్‌కు తోచలేదు. మిత్రులు ప్రతులు వ్రాసికొనిరి, ఆ ప్రతులకు ప్రతులు పుట్టెను, దూరదేశములకును పోయెను. ఎవరి కష్టఫలమో తెలియనివారుకూడ దానిని ఉపయోగించుకొనిరి. ఆ సంవత్సరముననే అతడు బాత్ చుట్టునున్న ప్రాంతమునకు పొరలను రంగులతో చూపు పటమును సిద్ధపరచెను. అదే సంవత్సరమున కాలువ సంఘమువారు అతనిని కొలువునుండి తొలగించిరి. ముప్పదియేండ్ల వయస్సున అతనికి జీతము పోయెను. చేతిలో నున్నది ఒక విధానము మాత్రమే.

ఆ విధానము పొట్ట పోషించుకొనుటకు అక్కరకు వచ్చెను. నీరు నిలిచి చెడిపోయిన పొలములనుండి నీటిని తీసివేయుట, ఊటలను కనుగొనుట, గట్లు కట్టించుట మొదలగు పనులకై భూస్వాములు అతనిని పిలుచుచుండిరి. నీరు ఏ పొరలో ఇంకునో, ఏ పొరపై నిలుచునో తెలిసినవానికి ఊట ఎక్కడ పుట్టునో తెలియును. 1810లో బాత్ నగరపు వేడినీటి బుగ్గ తగ్గిపోగా స్మిత్ త్రవ్వించి దాని దారిని సరిచేసెను. బొగ్గు విషయమున అతని సలహా మరింత విలువైనది. నల్లని బంకమన్ను కనబడినంతనే బొగ్గున్నదని భ్రమించి, ఆస్తులమ్మి లోతైన బావులు త్రవ్వించి నష్టపోయినవారు ఆ కాలమున అనేకులు. ఆ బంకలోని శిలాజములు బొగ్గుపొరలకు ఎంతో పైనున్న కాలమునకు చెందినవైనచో అక్కడ త్రవ్వుట వ్యర్థమని స్మిత్ హెచ్చరించుచుండెను. విన్నవారికి ధనము మిగిలెను.

ఇట్లు ఒక పనినుండి మరియొక పనికి తిరుగుచు, ఒక్కొక్క సంవత్సరమున పదివేల మైళ్ళవరకు ప్రయాణము చేయుచు, దారిపొడవునను అతడు పొరల యంచులను గుర్తించుకొనెను. దేశమంతటికి ఒక పటము వేయవలెనను సంకల్పము 1801నాటికే అతనికి కలిగెను. పుస్తకమునకై ప్రకటన వెలువడెను గాని ప్రచురణకర్త దివాలాతీసెను. రాయల్ సొసైటీ అధ్యక్షుడైన జోసెఫ్ బ్యాంక్సు ప్రోత్సాహమిచ్చెను, ధనసహాయమును చేసెను. అయినను సంపాదించినదంతయు ప్రయాణములకును, శిలాజములను నిలువచేయుటకును వ్యయమగుచుండెను. లండనులో పెద్ద యిల్లు అద్దెకు తీసికొని తన సేకరణను పొరల వరుసలో అరలలో పేర్చెను. తుదకు జాన్ కేరీ అను ప్రసిద్ధ పటముల ప్రచురణకర్త ముందుకు వచ్చెను.

1815 ఆగస్టులో స్మిత్ మహాపటము వెలువడెను. అయిదు మైళ్ళకు ఒక అంగుళము చొప్పున, 15 పలకలుగా అచ్చువేయబడి, కూర్చినప్పుడు సుమారు ఎనిమిదిన్నర అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పుగలది. ఇంగ్లండు, వేల్సులు పూర్తిగాను, స్కాట్లండులో కొంతభాగమును అందున్నవి. ప్రతి ప్రతికిని రంగులు చేతితోనే వేసిరి. సుమారు 400 ప్రతులు మాత్రమే తయారైనవి. భూగర్భ సంపదను చూపు పటమునకై కళల ప్రోత్సాహక సంఘమువారు అంతకు ముందే ప్రకటించియుంచిన 50 గినీల బహుమానము స్మిత్‌కే వచ్చెను.

ఈ పటమున రంగులు వేసిన తీరును విద్యార్థులు ప్రత్యేకముగా గమనింపవలెను. అతడు ప్రతి పొరను ఒకే గాఢతతో పూయలేదు. పొర అడుగు అంచువద్ద రంగును చిక్కగా వేసి, పైకి పోయినకొలది పలుచబరచెను. చిక్కని యంచు ప్రక్క పొరమీద మెట్టువలె లేచియున్నట్లు కనబడును. చదునైన కాగితముపై పొర మీద పొర ఆనియున్నదని కన్ను వెంటనే గ్రహించును. అంతటితో తృప్తిచెందక అతడు నిలువుకోత పటములను గూడ గీసెను. భూమిని పైనుండి క్రిందికి కోసి ప్రక్కనుండి చూచినచో కనబడునట్లు గీయు చిత్రమునకు నిలువుకోత పటమని పేరు. 1817లో వేల్సులోని స్నోడన్ పర్వతమునుండి లండను వరకు సాగు అట్టి చిత్రమును ప్రచురించెను. పైపటమును, నిలువుకోతను కలిపి చదువుకొన్నవాని మనస్సులో పొడవు, వెడల్పు, లోతు మూడును గల దేశస్వరూపము నిలుచును. భూపటలమునకు నమూనా కట్టుట అనగా ఇదియే. కట్టెతో కట్టినను, యంత్రముతో కట్టినను మూలసూత్రము మారలేదు.

ఇంత చేసినను లండనులోని విద్వాంసులు అతనిని తమవాడుగా చూడలేదు. 1807లో అక్కడ భూగర్భశాస్త్ర సంఘము ఏర్పడెను. అందలి సభ్యులు కలవారి బిడ్డలు. శాస్త్రము వారికి వ్యాసంగము, స్మిత్‌కు జీవనోపాధి. అతనిని సభ్యునిగా చేర్చుకొనలేదు. 1808లో సంఘాధ్యక్షుడు గ్రీనో మొదలైనవారు వచ్చి అతని సేకరణను చూచిపోయిరి. తరువాత వారు తామే ఒక పటమును తయారుచేయ బూనిరి. ఆ పటము 1820లో వెలువడెను. దానికి స్మిత్ పరిశ్రమ ఎంత ఆధారమైనదో ఆనాటి పటముపై చెప్పబడలేదు. వెల తక్కువ గనుక స్మిత్ పటమును కొనువారు తగ్గిరి.

ఈ లోపల అప్పులు అతనిని చుట్టుముట్టెను. బాత్ సమీపమున ఇల్లును, భూమియు తాకట్టుపై కొనియుండెను. అక్కడ తెరచిన రాతిగని ఫలింపలేదు. శిలలను ఎరిగినవాని గనిలోనే రాయి నాసిగా వచ్చుట విధి వైపరీత్యము. భార్య మేరీ ఆన్ మనోవ్యాధితో బాధపడుచుండెను. గత్యంతరములేక ప్రాణప్రదమైన శిలాజముల సేకరణను బ్రిటిష్ మ్యూజియమునకు అమ్మివేసెను. వచ్చిన సొమ్ము అప్పులకు చాలలేదు. 1819 జూన్ మాసమున అతనిని ఋణగ్రస్తులనుంచు కింగ్సు బెంచి కారాగారమునకు తీసికొనిపోయిరి. అప్పటికి అతనికి ఏబదియేండ్లు.

ఆగస్టు 31వ తేదీన విడుదలై వచ్చునప్పటికి లండను గృహము అప్పులవారి వశమైయుండెను. సామానులు జప్తుచేయబడెను. కాగితములను, పటములను ఒక మిత్రుడు కాపాడెను. నగరమును విడిచి ఉత్తరదిశగా బయలుదేరిన ఆ కుటుంబమున స్మిత్, భార్య, పందొమ్మిదేండ్లైన నిండని మేనల్లుడు జాన్ ఫిలిప్సు ఉండిరి. తలిదండ్రులు పోయిన ఫిలిప్సును స్మిత్ పెంచెను. ఆ కష్టదినములలో మేనమామకు పుస్తకములవంటివాడు మేనల్లుడు. మేనల్లునకు విశ్వవిద్యాలయము వంటివాడు మేనమామ. నిలకడైన ఇల్లు లేక ఊరూరను దొరికిన సర్వే పని చేసికొనుచు ఇద్దరును యార్కుషైరు ప్రాంతమంతయు తిరిగిరి. స్మిత్ దేశముపై అలుగలేదు, పనిని విడువలేదు. కారాగారమునుండి వచ్చిన సంవత్సరములలోనే మండలముల వారీగా పటములు వెలువరించెను.

1824లో యార్కు నగరమునందు ఉపన్యాసములీయుటకు ఆహ్వానము వచ్చెను. వినవచ్చినవారు అతని జ్ఞానమును చూచి గౌరవించిరి. పిమ్మట హాక్నెస్ అను చోట జాన్ జాన్‌స్టన్ అను జమీందారు అతనికి భూముల పర్యవేక్షణ ఉద్యోగమిచ్చెను. సమీపమున నున్న స్కార్బరో సముద్రతీర పట్టణమున ఒక మ్యూజియము కట్టదలచినప్పుడు స్మిత్ సలహా ననుసరించి 1829లో గుండ్రని భవనమును నిర్మించిరి. లోపల గోడచుట్టును అరలు. ఏ శిలాజము ఏ పొరలో దొరకునో ఆ వరుసలోనే అరలపై అమర్చబడెను. పైన యార్కుషైరు తీరపు నిలువుకోత చిత్రము గోడచుట్టును సాగెను. ఆ భవనములో నిలుచున్నవాడు ఆ ప్రాంతపు భూగర్భము నడుమ నిలుచున్నట్లే. కాగితముపై గీసిన లోతునకు స్మిత్ ఇక్కడ ఇల్లు కట్టెను.

కాలము మారెను. భూగర్భశాస్త్ర సంఘమున క్రొత్తతరము వచ్చెను. 1831లో ఆ సంఘము తన మొట్టమొదటి వొల్లాస్టన్ పతకమును స్మిత్‌కు ప్రకటించెను. నాటి అధ్యక్షుడు ఆడమ్ సెడ్జ్‌విక్ అతనిని ఆంగ్ల భూగర్భశాస్త్రమునకు జనకుడని సభాముఖమున కీర్తించెను. ఏ సంఘము తలుపు మూసెనో ఆ సంఘమే తలుపు తెరచెను. 1832లో ప్రభుత్వము సంవత్సరమునకు 100 పౌనుల ఉపకారవేతనము మంజూరు చేసెను. 1835లో డబ్లినులోని ట్రినిటీ కళాశాల డాక్టరు బిరుదమిచ్చెను. పల్లెబడి చదువరి డాక్టరు స్మిత్ ఆయెను. 1838లో క్రొత్త పార్లమెంటు భవనమునకు తగిన రాతిని ఎన్నుకొనుటకై ఏర్పడిన నలుగురు సభ్యుల సంఘమున అతడొకడు. వృద్ధాప్యమున మరల దేశములోని రాతిగనులన్నియు తిరిగివచ్చెను. 1839లో శాస్త్రజ్ఞుల మహాసభకై బర్మింగుహామునకు పోవుచు, దారిలో నార్తాంప్టన్‌లో మిత్రుల యింట ఆగి, జలుబుచేసి, ఆగస్టు 28వ తేదీన కన్నుమూసెను. జీవితమంతయు ప్రయాణముననే గడపినవానికి మరణమును ప్రయాణములోనే లభించెను.

అతడు వేసిన బాటలో పలువురు నడచిరి. 1841లో థామస్ సాప్విత్ అను సర్వేయరు రంగురంగుల కట్టెముక్కలను అతికించి, పొరల వాలులను, తెగిపోయిన చోట్లను చేతితో పట్టి చూడదగిన చిన్న నమూనాలను తయారుచేసి విద్యార్థుల కొఱకు అమ్మించెను. మేనల్లుడు ఫిలిప్సు శిలాజముల ఆధారముననే భూమి చరిత్రను మూడు మహాయుగములుగా విభజించెను. డబ్లినులో ఆచార్యుడై, కడపట ఆక్సుఫర్డులో ఆచార్యుడాయెను. డబ్లినులో ఫిలిప్సు విడిచిన పీఠమును థామస్ ఓల్డుహాము అలంకరించెను. ఆ ఓల్డుహామే 1851లో కలకత్తాకు వచ్చి భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు సారథి ఆయెను. ఆ శాఖకు చెందిన విలియం కింగు 1870వ దశకపు తొలినాళ్ళలో గోదావరిలోయ శిలలను పరిశీలించుచు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. నేటి సింగరేణి గనులకు అదియే ఆది. ఏ పొరలో బొగ్గున్నదో తెలుపు ఆనవాలు ఇక్కడ గ్లాసోప్టెరిస్ అను చెట్టు ఆకుల శిలాజములు, విధానము స్మిత్‌దే.

స్మిత్ లెక్క చేరినది కొన్నివందల, కొన్నివేల అడుగుల లోతునకు మాత్రమే. అంతకుమించిన లోతున శిలాజములును లేవు, త్రవ్వకములును లేవు. అక్కడ శాస్త్రజ్ఞులు భూకంపపు తరంగములను, ప్రేలుడు పదార్థములతో పుట్టించిన తరంగములను ఆశ్రయించిరి. 1961లో హైదరాబాదున స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1970వ దశకమున నెల్లూరు జిల్లాలోని కావలినుండి పడమటి తీరములోని ఉడిపివరకు, కడప శిలలకు అడ్డముగా, సుమారు 600 కిలోమీటర్ల పొడవున ఇట్టి పరీక్ష జరిపెను. దక్షిణదేశపు భూపటలమునకు ఒక నిలువుకోత పటము దానివలన లభించెను. దాని మందము ఇంచుమించు 35నుండి 40 కిలోమీటర్లని తేలెను. బ్రిటన్ భూగర్భ సర్వేవారు ఈ శతాబ్దమున అట్టి నిలువుకోతలను పొలముల కంచెలవలె ఒకదానినొకటి ఖండించునట్లు నిలిపి, దేశమంతటికి మూడు కొలతల నమూనాను గణకయంత్రములో కట్టిరి. రెండు కోతలు కలిసినచోట పొరలు కలియకున్నచో ఎక్కడనో పొరపాటున్నదని యంత్రము చూపును. ముందు చెప్పి పిమ్మట సరిచూచుకొనుమను కాలువగట్టు పాఠమే అది.

లండనులోని భూగర్భశాస్త్ర సంఘ భవనమున స్మిత్ పటపు ప్రతి యొకటి నేటికిని వ్రేలాడుచున్నది. వెలుతురుచేత రంగులు వెలియకుండుటకై దానిని తెరచాటున ఉంచిరి. గ్రీనో పటమును అక్కడనే కలదు. 1865లో గ్రీనో పటము మరల ముద్రింపబడినప్పుడు దానికి మూలము స్మిత్ పటమేనని దానిమీదనే వ్రాసిరి. అప్పటికి ఇద్దరును లేరు. స్మిత్ గీసిన రంగుల పట్టెలను నేటి పటముతో పోల్చిచూచినవారు ముఖ్యమైన గీతలన్నియు ఉండవలసిన చోటులనే ఉన్నవని తెలిసికొందురు. సాటివారు చేసిన అన్యాయమును కాలము సరిదిద్దెను గాని, అతడు గీసిన గీతలను పెద్దగా సరిదిద్దవలసిన అవసరము కలుగలేదు. పొలములో దొరికిన రాతితో గోలీలాడిన పిల్లలు చర్చిల్ గ్రామమున ఎందరో యుండిరి. ఆ రాయి అక్కడికి ఎట్లు వచ్చెనని అడిగి, సమాధానము దొరకువరకు నడచినవాడు ఒక్కడే.